ఉక్కుకు రెండు పుట్టిళ్ళు: మూస, దాగలి

అరబ్బీ భాషలో కత్తికి ఉన్న పేర్లు అనేకం. వాటిలో ‘ముహన్నద్’ అన్నది ఒకటి. ‘హింద్’ అనే దేశనామం నుండి పుట్టిన ఈ మాటకు హిందూదేశపు ఉక్కుతో, లేదా హిందూదేశపు పద్ధతిలో చేసిన కత్తి అని అర్థం. ఇస్లాంకు పూర్వపు కవి తరఫా తన ప్రసిద్ధ దీర్ఘకవితలో ఈ మాటను వాడాడు. దైవప్రవక్త (సఅసం) సమక్షంలో కఅబ్ బిన్ జుహైర్ చదివిన ‘బానత్ సుఆద్’ అనే కవితలోనూ ఇది కనిపిస్తుంది. అంటే మన దేశపు ఉక్కు అరబ్బుల చేతికే కాదు, వారి నాలుకకు కూడా 1400 ఏళ్ళకు పూర్వమే పరిచయమన్న మాట.

ఈ విషయాన్ని మనవారు తరచు గర్వంగా చెప్పుకుంటారు. గర్వపడవలసినదే. అయితే ఆ గర్వంలో ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడిపోతున్నది. ఉక్కు వేరు, కత్తి వేరు. ఉక్కు మూసలో పుడుతుంది. కత్తి దాగలి మీద పుడుతుంది. ఈ రెండింటి మధ్య ఎన్నో వందల మైళ్ళ దూరం ఉండవచ్చు, రెండు వేర్వేరు విద్యలు ఉండవచ్చు. ఈ భేదాన్ని పూర్వపు అరబ్బీ రచయితలు బాగా గుర్తించారు. మన తెలంగాణ కమ్మరులు చేతలో గుర్తించారు. గుర్తించని వారు ఎంత గొప్ప ఉక్కు చేతికి వచ్చినా దాన్ని ముక్కలు చేసుకున్నారు.

ఇంటి పెరట్లో చిన్న కొలిమి పెట్టుకొని, తన కత్తిని తానే సాగగొట్టుకోవాలనే అభిరుచి ఈనాడు అనేక దేశాల్లో కనిపిస్తున్నది. ఇటువంటి కోరికగల యువకులు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ‘ఏ ఉక్కు మంచిది?’ అని. అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదనీ, ‘దేనిమీద కొట్టాలి, ఎంత కాకలో కొట్టాలి?’ అన్నది దానికన్న ముందు రావాలనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తున్నది.

అల్ కిందీ చేసిన విభజన

అరబ్బుల తత్త్వవేత్తగా పేరుపొందిన యాఖూబ్ బిన్ ఇస్‌హాఖ్ అల్ కిందీ, అబ్బాసీ ఖలీఫా ముఅతసిం (పాలన క్రీ.శ. 833–842) కోసం కత్తులను గురించి ఒక చిన్న గ్రంథం రాశాడు. తత్త్వశాస్త్రం, గణితం, సంగీతం రాసిన కలమే కత్తుల జాతులను కూడా వర్గీకరించింది. చేతిపనిని గురించి రాయడం పండితుడికి తక్కువతనమని ఆయన అనుకోలేదు.

ఆయన ఇనుమును మొదట రెండుగా విభజించాడు. గని నుండి నేరుగా వచ్చేది ఒకటి, మనిషి శుద్ధిచేసి తయారు చేసుకొనేది మరొకటి. గని ఇనుములో మళ్ళీ రెండు రకాలు. గట్టిదైన ‘షాబుర్ఖాన్’, మెత్తనిదైన ‘నర్మాహన్’. ఈ రెండవ మాట పారసీకం. నర్మ్ అంటే మెత్తన, ఆహన్ అంటే ఇనుము. మొదటిదానిని మగ ఇనుమనీ, రెండవదానిని ఆడ ఇనుమనీ అనేవారు. మనిషి చేసుకొనే ఇనుమే ‘ఫూలాద్’. ఉర్దూలో ఫౌలాద్ అంటున్నది దీనినే. తెలుగులో దీనికి సరిపోయే మాట ఉక్కు.

తరువాత ఆయన చేసిన పని ఇంకా ఆసక్తికరమైనది. కత్తులను లెక్కించేటప్పుడు ఉక్కు ఎక్కడిది అనేది ఒక లెక్క, దానిని ఎక్కడ సాగగొట్టారు అనేది మరొక లెక్కగా పెట్టుకున్నాడు. సరందీబ్, అనగా సింహళ ద్వీపం, ఉక్కును యమన్‌లో కొట్టిన కత్తి వేరు, అదే ఉక్కును ఖురాసాన్‌లో కొట్టిన కత్తి వేరు. మూలద్రవ్యం ఒకటే అయినా దాగలి మారితే కత్తి జాతి మారుతుంది.

ఈ గ్రంథంలో అనువాదకులను తికమకపెట్టే మాట ఒకటి ఉంది. శ్రేష్ఠమైన కత్తులను అల్ కిందీ ‘అతీఖ్’ అంటాడు. నిఘంటువు చూసి దీనిని ‘ప్రాచీనమైన’ అని తెలుగు చేస్తే అర్థం పూర్తిగా తప్పుతుంది. ఇక్కడ అతీఖ్ అంటే కాలాన్ని బట్టి పాతది అని కాదు, జాతిని బట్టి ఉత్తమమైనది అని ఆయనే వివరించాడు. నిన్న చేసిన కత్తి కూడా అతీఖ్ కావచ్చు. యమనీ, ఖలయీ, హిందీ అనే మూడింటిని ఆయన ఈ ఉత్తమ శ్రేణిలో చేర్చాడు. పాతదల్లా గొప్పదని భ్రమించేవారికి ఈ ఒక్క పదవివరణ మంచి పాఠం.

రెండు శతాబ్దాల తరువాత అబూ రైహాన్ అల్ బీరూనీ రత్నాలను, లోహాలను గురించి ‘కితాబుల్ జమాహిర్’ రాశాడు. గజ్నవీ సుల్తాన్ మౌదూద్ (పాలన 1041–48) కాలపు రచన ఇది. మూసలో ఇనుమును కరిగించి ఉక్కు చేసే పద్ధతినీ, పూర్తయిన కత్తి మీద కనిపించే అలల నకిషీనీ ఆయన వర్ణించాడు. ఈ నకిషీకి అరబ్బీలో ‘ఫిరింద్’ అని పేరు. పారసీకంలోనూ, ఉర్దూలోనూ దీనినే ‘జౌహర్’ అంటారు. మనిషిలోని గుణానికీ, రత్నానికీ, కత్తి మీది నకిషీకీ ఒకే మాట వాడటం గమనించదగినది.

కోనసముద్రం కొలుములు

ఇంతకూ ఈ ఉక్కు మన ప్రాంతంలో ఎక్కడ తయారయ్యేది? ఉత్తర తెలంగాణలో, నేటి నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే గ్రామం ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యం నుండి వచ్చే ఉక్కు పారసీక దేశంలో నకిషీ కత్తులకు పనికివచ్చేదని ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రాశాడు. అతని సమకాలికుడైన తెవెనో 1660లలో ఈ దారిన ప్రయాణిస్తూ ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు తయారవుతున్నట్లు పేర్కొన్నాడు. ఇందల్వాయి కూడా నిజామాబాద్ జిల్లాలోనిదే.

కోనసముద్రం కొలుములను కళ్ళారా చూసి వివరంగా రాసినవాడు డాక్టర్ హెన్రీ వాయ్‌సీ. ఈయన లాంబ్టన్ నాయకత్వాన జరిగిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1824లో మరణించాడు. ఆయన రాసిన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. దాని ప్రకారం ఇక్కడి కమ్మరులు రెండు వేర్వేరు చోట్ల తీసిన రెండు రకాల ఇనుమును పాళ్ళ ప్రకారం కలిపి మూసలో పెట్టేవారు. మూసకు వాడే మట్టిలో వరి ఊక కలిపేవారు. మూస మూతిని మట్టితో మూసి, ఎద్దుతోలు తిత్తులతో దాదాపు ఒక రోజంతా గాలి ఊదేవారు. చల్లారాక మూసలో నుండి ఉక్కు బిళ్ళ బయటికి వచ్చేది. దానిని వెంటనే కొట్టేవారు కాదు. మట్టి పూసి, మళ్ళీ గంటల తరబడి కాల్చి నెమ్మదిగా చల్లార్చి, సుత్తెకు లొంగేవరకు మెత్తబరిచేవారు.

దక్షిణాన మైసూరు, సేలం ప్రాంతాల పద్ధతి దీనికి భిన్నం. అక్కడ మెత్తని ఇనుము ముక్కతోపాటు తంగేడు కట్టె, పచ్చి ఆకులు మూసలో పెట్టేవారు. కట్టె, ఆకు మాడి బొగ్గుగా మారి, ఆ బొగ్గులోని కర్బనం ఇనుములోకి ఎక్కేది. తెలంగాణ పద్ధతిలో రెండు ఇనుముల కలయిక ప్రధానం. ఈ పద్ధతి అల్ కిందీ, అల్ బీరూనీ చెప్పిన గట్టి ఇనుము, మెత్తని ఇనుముల కలయికను గుర్తుకు తెస్తుంది.

వాయ్‌సీ రాసినదానిలో మనకు అన్నిటికన్న విలువైన సంగతి మరొకటి ఉంది. ఆయన వెళ్ళిన సమయంలో ఇస్ఫహాన్ నుండి వచ్చిన ఒక వర్తకుడు ఆ కొలుముల వద్దనే ఉన్నాడు. పారసీకులు అంత దూరం నుండి వచ్చి తీసుకుపోయినది కత్తులను కాదు, ఉక్కు బిళ్ళలను. కత్తి చేయడం వారికి తెలుసు. మూస కోనసముద్రానిది, దాగలి ఇస్ఫహాన్‌ది.

1980లలో అమెరికన్ పరిశోధకురాలు థెల్మా లో ఇక్కడి మూసల శకలాలను పరీక్షించి, ఊక కలిపిన ఆ మట్టి అంతటి వేడికి ఎలా తట్టుకున్నదో వివరించింది. చరిత్రకారులు ఎస్. జైకిషన్ గారు ఉత్తర తెలంగాణ గ్రామాలలో తిరిగి ఇనుప చిట్టెం కుప్పలను గుర్తించారు. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఈ ప్రాంతంలో క్షేత్ర పరిశీలన జరిపాయి. ఎన్నో ఊళ్ళ పొలిమేరల్లో పాటిమట్టితోపాటు నల్లని చిట్టెం రాళ్ళు నేటికీ కనిపిస్తాయి. వాటిని చదవగలిగితే అవీ ఒక గ్రంథమే.

గొప్ప ఉక్కు, తెలియని చేయి

1794లో బొంబాయి నుండి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు ఈ ఉక్కు నమూనాలను లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. 1795లో జార్జి పియర్సన్ దానిమీద పరిశోధనా పత్రం చదివాడు. ‘ఊట్జ్’ అనే పేరు అప్పటి నుండి ఐరోపాలో స్థిరపడింది. కన్నడంలోను, తెలుగులోను ఉన్న ఉక్కు అనే మాటే ఇలా మారిందని ఎక్కువమంది అభిప్రాయం. తరువాత మైకేల్ ఫారడే, ఇతను స్వయంగా కమ్మరి కొడుకు, కత్తుల తయారీదారైన జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి 1819–22 మధ్య ఈ ఉక్కు గుట్టు విప్పడానికి ప్రయత్నించాడు.

అయితే ఐరోపా కమ్మరులలో చాలామంది చేతిలో ఈ ఉక్కు చితికిపోయేది. కారణం ఇది. వారికి అలవాటైన ఇనుమును తెల్లని కాక వచ్చేదాకా కాల్చి కొట్టవచ్చు. ఊట్జ్‌లో కర్బనం దాదాపు నూటికి ఒకటిన్నర పాళ్ళు. అంత కర్బనం ఉన్న ఉక్కును తెల్లకాకకు తీసుకుపోతే సుత్తె దెబ్బకు పొడిపొడిగా రాలుతుంది. దానిని సుమారు 650 నుండి 850 డిగ్రీల మధ్య, అంటే ముదురు ఎరుపు, చెర్రీపండు ఎరుపు కాకలోనే, ఓపికగా, చిన్న దెబ్బలతో, ఎన్నోసార్లు కాల్చి సాగదీయాలి. ఇస్ఫహాన్ కమ్మరికి ఇది తెలుసు, షెఫీల్డ్ కమ్మరికి తెలియదు. ఉక్కు ఇద్దరికీ ఒక్కటే.

నకిషీ విషయంలోనూ ఇంతే. 1990లలో అమెరికాలోని అయోవా ఆచార్యుడు వెర్‌హోవెన్, ఫ్లారిడాకు చెందిన కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి ఈ ఉక్కును మళ్ళీ తయారు చేశారు. ఉక్కులో వెనేడియం వంటి మూలకాలు అతి స్వల్పంగా ఉండాలి. అది గని ఇచ్చేది. కాని మూసలో నుండి తీసిన బిళ్ళను ఎన్నోసార్లు కాల్చి, కొట్టి, చల్లార్చినప్పుడే ఆ గట్టి రేణువులు వరుసలు కట్టి అలలుగా కనిపిస్తాయి. కాబట్టి జౌహర్ సగం గనిది, సగం దాగలిది. పండితుడు ఒక్కడే ఎంతోకాలం వెదికిన జవాబు, పండితుడూ కమ్మరీ పక్కపక్కన నిలబడినప్పుడు దొరికింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈనాడు ‘డమాస్కస్’ పేరుతో అంగళ్ళలో అమ్మే కత్తులు చాలావరకు వేరు. రెండు రకాల ఉక్కు పట్టీలను పేర్చి, కాక మీద అతికి, మడిచి చేసినవి. అదీ ఒక విద్యే, నిందించవలసినది కాదు. కాని అది మూస ఉక్కు కాదు.

దాగలిని ఎంచుకోవడం

ఇక ఇంటి కొలిమి సంగతికి వద్దాం. దాగలి అంటే సుత్తె కింద ఉండే ఇనుప దిమ్మ అని మాత్రమే అనుకుంటే సరిపోదు. అది పనిలో సగం. పైనుండి సుత్తె ఎంత కొడుతుందో కిందనుండి దాగలి అంత ఎదురు కొట్టాలి. దాగలి తేలికైనదైనా, కుదురుగా లేకపోయినా, మెత్తనిదైనా దెబ్బలోని బలాన్ని అదే మింగేస్తుంది. చేయి అలసిపోతుంది, ఇనుము సాగదు.

మన గ్రామాల దాగలిని చూడండి. కొమ్ము లేదు, అలంకారం లేదు. నలుచదరపు ఉక్కు దిమ్మ, కింద ములుకు, ఆ ములుకు దిగిన చెక్క మొద్దు, ఆ మొద్దు సగం భూమిలో పాతి ఉంటుంది. కమ్మరి దాని ముందు కూర్చొని పని చేస్తాడు. జనగామ, రఘునాథపల్లి పరిసరాల్లో నాగటి కర్రులు, కొడవళ్ళు, గొడ్డళ్ళు తరతరాలుగా ఇటువంటి దిమ్మల మీదనే తయారయ్యాయి. పొడవాటి కొమ్ము గల దాగలి ఐరోపాలో గుర్రపు నాడాలు, వంపు సామాను చేసేవారికి బాగా పనికివచ్చింది. కత్తి చేసేవాడికి కావలసినది కొమ్ము కాదు. సుత్తె కింద చదునైన, గట్టి, బరువైన ముఖం. అరచేయంత ముఖమున్నా చాలు.

కొనేటప్పుడు చూడవలసినవి ఇవి.

మొదటిది, ఏ లోహం అనేది. బీడుతో పోతపోసిన దాగలులు చూపుకు అందంగా, ధరకు చవకగా ఉంటాయి. వాటి జోలికి పోరాదు. బీడు దెబ్బను తిరిగి ఇవ్వదు. అంచులు పెళుసుగా విరుగుతాయి. సాగగొట్టిన ఉక్కుది, లేదా పోత ఉక్కుది కావాలి.

రెండవది, ఎదురుదెబ్బ. దీనిని తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఉంది. అంగుళం ఉక్కు బేరింగు గోళీని 10 అంగుళాల ఎత్తు నుండి దాగలి ముఖం మీద వదలాలి. 7 అంగుళాలకు పైగా తిరిగి ఎగిరితే మంచిది, 8 లేక 9 వస్తే చాలా మంచిది. సగం కూడా రాకపోతే ఆ దాగలి మెత్తనిది, లేదా బీడుది. ముఖం మీద నాలుగైదు చోట్ల ఇలా చూడాలి. ఒకచోట మాత్రం గోళీ చచ్చినట్టు పడితే అక్కడ లోపల పగులు ఉందని అనుమానించాలి.

మూడవది, మోత. చిన్న సుత్తెతో తడితే మంచి ఉక్కు ఖంగున మోగుతుంది. బొంగురు ధ్వని వస్తే పగులు ఉండవచ్చు. అయితే కొన్ని పోత ఉక్కు దాగలులు సహజంగానే తక్కువ మోగుతాయి. కాబట్టి మోతకన్న గోళీ పరీక్షకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

నాలుగవది, బరువు. కత్తులకు కిలో, కిలోంబావు సుత్తె చాలు. దానికి 30 నుండి 50 కిలోల దాగలి సరిపోతుంది. ఇంకా బరువైతే మంచిదే కాని, తప్పనిసరి కాదు. పాత సామాను అంగళ్ళలో ఇంగ్లీషు దాగలులు కనిపిస్తే వాటి పక్కన మూడు అంకెలు చెక్కి ఉంటాయి. అది పాత ఇంగ్లీషు తూకం. మొదటి అంకె ఒక్కొక్కటి 112 పౌన్లు, రెండవది ఒక్కొక్కటి 28 పౌన్లు, మూడవది విడి పౌన్లు. 1–2–10 అని ఉంటే 112, 56, 10 కలిపి 178 పౌన్లు, అనగా సుమారు 81 కిలోలు. ఈ లెక్క తెలియనివారు దానిని 1210గానో, మరొకటిగానో చదివి మోసపోతుంటారు.

ఐదవది, ముఖం స్థితి. అంచులు కొద్దిగా విరిగినా ఇబ్బంది లేదు. నడుమ గుంట పడితే కత్తి తిన్నగా రాదు. గుంటను పూడ్చాలని వెల్డింగు చేయించడం, యంత్రంతో లోతుగా అరగదీయించడం మంచిది కాదు. పాత దాగలులలో చాలావాటికి మెత్తని ఇనుము ఒంటిమీద పలుచని ఉక్కు ముఖం అతికి ఉంటుంది. ఆ ముఖం వేడికి పదను పోగొట్టుకుంటుంది, లేదా పూర్తిగా అరిగిపోతుంది.

డబ్బు లేనివారికి రైలుపట్టా ముక్క మంచి దారి. మన దేశంలో మీటరుకు 52 కిలోలు, 60 కిలోలు తూగే పట్టాలు వాడుకలో ఉన్నాయి. అరమీటరు ముక్క తెచ్చి పడుకోబెట్టి దానిమీద కొట్టడం అందరూ చేసేపని. అలాకాక దానిని నిలువుగా పాతి, పట్టా తల కొసమీద కొడితే 26 నుండి 30 కిలోల బరువు మొత్తం సరిగ్గా దెబ్బ కింద ఉంటుంది. 60 కిలోల పట్టా తల 7 సెంటీమీటర్లకు కొద్దిగా పైగా వెడల్పు ఉంటుంది. కత్తికి అది చాలు. కాని ఒక మాట. పట్టాముక్క ఎక్కడ దొరికినా తెచ్చుకోవచ్చని అనుకోరాదు. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. వేలంలో కొన్న వ్యాపారి నుండి రసీదుతో తీసుకోవాలి. హలాల్ సంపాదనకు వాడే పనిముట్టు హరాం సొత్తు కారాదు గదా!

చివరిది, కుదురు. చింత లేక తుమ్మ మొద్దును నిలువుగా పాతి, దాగలిని దానికి బిగించాలి. నిలబడి పనిచేసేవాడు చేతులు వదిలి తిన్నగా నిలబడితే, పిడికిలి కణుపులు ఎక్కడికి వస్తాయో అంత ఎత్తున దాగలి ముఖం ఉండాలి. ఎక్కువైతే భుజం, తక్కువైతే నడుము దెబ్బతింటాయి.

ఇనుమును చదవడం

దాగలి కుదిరిన తరువాతనే ఉక్కు ప్రశ్న. ఇంటి చువ్వలు, కిటికీ ఊచలు కత్తికి పనికిరావు. వాటిలో కర్బనం నూటికి పావు పాలు కూడా ఉండదు కాబట్టి పదను పట్టవు. లారీ కమాను పట్టీలో సుమారు అర పాలు, అంతకు కొంచెం పైన ఉంటుంది. కొత్తవారికి ఇదే మంచిది, కొద్దిపాటి పొరపాట్లను సహిస్తుంది. బేరింగు ఉక్కులో సుమారు ఒక పాలు కర్బనం, ఒకటిన్నర పాళ్ళు క్రోమియం ఉంటాయి. అది వాదర బాగా నిలుపుతుంది, కాని కొట్టడం కష్టం.

తెలియని ముక్క చేతికి వస్తే రెండు పరీక్షలు. సానచక్రానికి తాకించినప్పుడు మెత్తని ఇనుము పొడవైన సాదా నిప్పుగీతలు విసురుతుంది. కర్బనం హెచ్చినకొద్దీ గీతల కొసలు చిట్లి నక్షత్రాలు పూస్తాయి. రెండవది, చిన్న ముక్కను ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, ఆకురాయితో రాయాలి. ఆకురాయి జారిపోతే అది పదను పట్టే ఉక్కు. కొరికితే కాదు. చాలాకాలం వాడిన కమానులో కంటికి కనిపించని పగుళ్ళు ఉంటాయి కనుక అవకాశం ఉంటే వాడని ముక్కనే తీసుకోవాలి.

కాక, దెబ్బ, పదను

కట్టె బొగ్గు, చిన్న గాలి పంకా ఉంటే కొలిమి సిద్ధం. పగటి ఎండలో కాక రంగు కనిపించదు. అందుకే కమ్మరి నీడలో పనిచేస్తాడు. కమాను ఉక్కును నారింజ రంగు కాకలో కొట్టడం మొదలుపెట్టి, ముదురు ఎరుపుకు రాగానే ఆపాలి. నిప్పురవ్వలు చిమ్మేదాకా కాలిస్తే ఆ ఉక్కు కాలిపోయినట్లే. దానిని మళ్ళీ బాగుచేయలేము.

ముందు మొన, తరువాత వాదర వైపు పలుచన చేయడం, చివర పిడిలోకి పోయే తోక. వాదర వైపు కొడుతున్నకొద్దీ అది సాగి, కత్తి వెన్ను వైపు వంగుతుంది. కాబట్టి ముందుగానే కొద్దిగా ఎదురువైపు వంచి ఉంచుకుంటే చివరికి తిన్నగా వస్తుంది. రెండు ముఖాలను సమంగా కొట్టాలి. లేకుంటే పదను పెట్టేటప్పుడు మెలి తిరుగుతుంది. ఆకారం వచ్చాక మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలిలో ఆరనిస్తే దెబ్బలకు లోపల పట్టిన బిగువు సడలుతుంది. తరువాత ఆకురాయితో రూపు దిద్దాలి. వాదరను ఇప్పుడే పలుచన చేయక, ఒక మిల్లీమీటరు మందం ఉంచాలి.

ఇక అసలు ఘట్టం. ఇనుము సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అతకడం మానుతుంది. అప్పటి నుండి మరికొంచెం, అనగా 815–845 డిగ్రీల వరకు సమంగా కాక పట్టించి, 50–60 డిగ్రీల వెచ్చదనం గల వేరుశనగ నూనెలో మొనను ముందుంచి తిన్నగా దించాలి. నీటిలో ముంచితే కమాను ఉక్కు చిట్లే ప్రమాదం ఎక్కువ. ఉర్దూలో కత్తి పదనుకు ‘ఆబ్’ అని పేరు. ఆబ్ అంటే నీరు, తళుకు కూడా. మాట నీటిదైనా ఈ ఉక్కుకు నూనే మేలు. ఇలా గట్టిపడిన కత్తి గాజువలె పెళుసు. అందుకే వెంటనే సుమారు 200 డిగ్రీలలో రెండు గంటలు ఉంచాలి. మెరుగుపెట్టిన ఉక్కు మీద లేత గడ్డి రంగు వస్తే వంటకత్తికి సరి. గోధుమ రంగు మొదలుకొని నీలం దాకా పోయినకొద్దీ దెబ్బకు ఓర్చే గుణం పెరుగుతుంది, వాదర నిలిచే గుణం తగ్గుతుంది. వంటకత్తికి ఒకటి, గొడ్డలికి మరొకటి కావాలి. ఏ గుణమైనా మరొకదానిని కొంత వదులుకొంటేనే వస్తుంది.

చట్టం, జాగ్రత్త, బాధ్యత

1959 ఆయుధాల చట్టం కేవలం ఇంటి వాడకానికీ, వ్యవసాయానికీ ఉద్దేశించిన పనిముట్లను ఆయుధాలుగా లెక్కించదు. కాని 2016 ఆయుధ నియమాలలో, అటువంటి అవసరాలకు కాక చేసిన 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఇంటి కొలిమి వారు వంటకత్తి, కొడవలి, చెట్టు కొమ్మలు నరికే కత్తి వంటి వాటికే పరిమితం కావడం అన్నివిధాలా క్షేమం.

కంటికి అద్దాలు లేకుండా సుత్తె ఎత్తరాదు. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టరాదు. దాని పొగ విషం. మూసిన గదిలో బొగ్గు మండించరాదు. నూనె పాత్రకు ఇనుప మూత దగ్గరుండాలి, నూనె అంటుకుంటే నీరు పోయరాదు.

మన సమాజానికి ఈ విద్యతో సంబంధం లేదనుకోరాదు. జిబహ్ చేసేవాడు తన కత్తిని బాగా పదును పెట్టుకొని, జంతువుకు బాధ తగ్గించాలన్న దైవప్రవక్త (సఅసం) ఆదేశం సహీ ముస్లింలో షద్దాద్ బిన్ ఔస్ (రజి) ద్వారా ఉల్లేఖించబడింది. మొద్దుబారిన కత్తి ఒక చేతగానితనం మాత్రమే కాదు, ఒక అపరాధం కూడా. బక్రీద్ ముందురోజు హడావిడిగా సాన పట్టించే కత్తిలో సరైన ఉక్కు, సరైన పదను లేకపోతే ఆ సాన రెండు కోతలకు మించి నిలవదు.

అలాగే దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు ఇనుము పేరే ఉన్నది, అల్ హదీద్. సబా సూరాలో దావూద్ (అలైహిస్సలాం) కొరకు ఇనుము మెత్తబరచబడిన ప్రస్తావన వస్తుంది. అక్కడ కవచపు కడియాలను కొలతగా కూర్చమన్న ఆజ్ఞ కూడా ఉంది. ఇనుము మెత్తబడటం అనుగ్రహం; కొలత పాటించడం మనిషి వంతు.

కోనసముద్రంలో మూసలు చల్లారాయి. యంత్రపు ఉక్కు చవకగా వచ్చిన తరువాత, 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలకు ఆ పరిశ్రమ క్షీణించింది. దానిని మళ్ళీ నిలబెట్టడం ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. కాని దాగలి విద్య ఇంకా పూర్తిగా పోలేదు. ట్రాక్టరు వచ్చి నాగటి కర్రు పని తగ్గినా, కొడవలికి కక్కు పెట్టగల చేతులు మన ఊళ్ళలో అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. ఏ కాక రంగుకు వారు ఏమంటారు, ఏ దెబ్బకు ఏ పేరు పెట్టారు అన్నవి ఏ నిఘంటువులోనూ పూర్తిగా లేవు. బాగ్దాదులో కత్తుల సంగతి రాసి పెట్టడానికి ఒక అల్ కిందీ ఉన్నాడు. అదే ఉక్కు చేసిన మన కమ్మరుల మాటలను వారి కాలంలో ఎవరూ రాసి పెట్టలేదు. ఇంట్లో కొలిమి పెట్టాలనుకొనే యువకుడు మొదట పాత ఇనుము అంగడికి కాక, దగ్గరి ఊరి కొలిమికి పోవాలి. కూర్చోవాలి, తిత్తి ఊదాలి, అడగాలి, విన్న మాటను రాసుకోవాలి. కత్తి తరువాత వస్తుంది.